విజయనగరంలో ఇంటి నుంచి ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

2020 మార్చిలో, లాక్‌డౌన్‌కి వారం ముందు, ఏడాది పిల్లనెత్తుకుని రెండు సూట్‌కేసులతో హైదరాబాద్ నుంచి విజయనగరం వచ్చాం. పదిహేను రోజులకి సరిపడా బట్టలే తెచ్చుకున్నాం. ఆ సూట్‌కేసులు ఇప్పుడు అటక మీద ఉన్నాయి, మేం అత్తగారింట్లో ఉన్నాం. మా ఆయన తర్వాత విశాఖలో ఉద్యోగం చూసుకుని రోజూ రైల్లో వెళ్లొస్తున్నారు. నాది మాత్రం పాత కంపెనీయే, జీతాల లెక్కలు చూసే పని. మేడ మీద గదే నా ఆఫీసు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, స్కూలు గేటు దగ్గర అందరూ నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. సగం జవాబు చెప్పేసరికి భోజనాలకి లేవమంటారు. అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను.

"ఏటమ్మా, ఇంటికాడే ఉంటన్నావు, ఉజ్జోగం మానీసినావేటి?"

మానలేదు పిన్నిగారూ, చేస్తున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పదిదాకా.

నవ్వుకోడానికి ఈ ప్రశ్న ముందు పెట్టలేదు. మన వైపు ఉద్యోగమంటే పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బయటికెళ్లడం. చెప్పులేసుకుని గుమ్మం దాటని మనిషి ఖాళీగా ఉన్నట్టే లెక్క. గ్యాస్ బండ వస్తే నన్నే కేకేస్తారు. పక్కింటివాళ్ల కొరియర్ నేనే తీసుకోవాలి. ఎవరికైనా రక్తపరీక్ష రిపోర్టు తేవాలంటే "తను ఇంట్లోనే ఉంటుంది కదా" అంటారు.

కంపెనీదీ సరిగ్గా ఇదే లెక్క. ఇంట్లోనే ఉంది కదా, రాత్రి పదిన్నరకి చిన్న కాల్‌కి ఏముంది? ట్రాఫిక్‌లో ఇరుక్కునేది లేదు కదా, ఇంకో షీటు చూసి పడుకోవచ్చు కదా?

ఇటు ఇల్లు, అటు ఆఫీసు, ఇద్దరిదీ ఒకటే మాట: ఎలాగూ ఇంట్లోనే ఉన్నావు కదా. నన్నడిగితే ఇంటి నుంచి పనిలో అసలు చిక్కు ఈ మాటలోనే ఉంది. నెట్టు, కుర్చీ, ఇన్వర్టర్ అన్నీ దాని తర్వాతే.

ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలి? నొచ్చుకుంటారేమో?

నొచ్చుకుంటారు. మొదట్లో నేను తలుపు గడియ పెట్టుకునేదాన్ని. మా అత్తయ్యకి అది మొహం మీద తలుపేసినట్టే అనిపించింది, రెండు రోజులు ముభావంగా ఉంది. ఆవిడ తప్పేం లేదు. పగటిపూట గడియ పెట్టిన తలుపు ఆ ఇంట్లో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. తర్వాత కాగితం మీద "మీటింగ్" అని రాసి అంటించాను. కళ్లజోడు లేకుండా ఆవిడకి అది కనిపించదు, కళ్లజోడేమో ఎప్పుడూ దేవుడి గదిలో ఉంటుంది.

చివరికి పనికొచ్చింది మావయ్యగారి పాత ఎర్ర తువ్వాలు. అంచు చిరిగిపోయింది, రంగు మాత్రం వెలవలేదు. అది తలుపు గొళ్లానికి వేలాడుతుంటే నేను కాల్‌లో ఉన్నట్టు, ఎవరూ లోపలికి రాకూడదు. తువ్వాలు లేకపోతే ఎవరైనా రావచ్చు, మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకోవచ్చు, నాతో మాట్లాడొచ్చు. ఈ రెండో సగమే ముఖ్యమని నాకు ఆలస్యంగా తెలిసింది. రోజంతా తువ్వాలు వేలాడదీస్తే రెండో వారానికి దాన్ని ఎవరూ చూడరు. అందుకే రోజుకి రెండున్నర గంటలకి మించి వెయ్యను. నిజంగా మాట్లాడే కాల్స్ అంతకన్నా ఎక్కువ ఉండవు. మిగతాదంతా ఎక్సెల్ పనే, దానికి పక్కన మనిషి ఉంటే నష్టం లేదు.

ఇప్పుడు వీధిలోవాళ్లు వస్తే అత్తయ్యే చెప్తుంది, "తువ్వాలేసుంది, కాసేపుండండి" అని. ఒకసారి మా ఆయన స్నానం చేసొచ్చి, పక్క గది అనుకుని తన తడి తువ్వాలు నా గొళ్లానికి తగిలించారు. అదీ ఎరుపే. ఆ రాత్రి తొమ్మిదిన్నరదాకా నన్ను అన్నానికి ఎవరూ పిలవలేదు.

పిల్లల విషయంలో మాత్రం నా దగ్గర మందు లేదు. మా పాప లోపలికి రాదు, నిజమే. తలుపు కిందనుంచి చీటీ తోస్తుంది. "అమ్మా నా ఎరేజర్ ఎక్కడ" అని.

ఆఫీసు టైమ్ అయ్యాక కూడా మెసేజ్‌లు వస్తుంటే చట్టం ఏమైనా ఉందా?

ఫ్రాన్స్‌లో ఉంది, 2017 జనవరి నుంచి. పనివేళల తర్వాత ఫోన్, మెయిల్ చూడకుండా ఉండే హక్కు గురించి యాభై మందికి పైబడిన కంపెనీలు ఉద్యోగులతో మాట్లాడి తీరాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర 2018లో ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ఇలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు కానీ అది చట్టం కాలేదు. కాబట్టి మనకి మిగిలింది నోరు.

నోరు తెరవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. "రాత్రి పది తర్వాత మెసేజ్‌లు చూడను" అని మొండిగా అంటే ఎవరికైనా చిరాకే. నేను మేనేజర్‌తో అన్నది ఇది: "పది దాటాక వచ్చినవి పొద్దున్న చూస్తాను. నెలాఖరులో జీతాలు పడే మూడు రోజులూ మాత్రం ఎన్నింటికైనా ఫోన్ చెయ్యండి, ఎత్తుతాను." ఆయన "ఓకే" అన్నారు, అంతే. ఏడాదిన్నరపాటు నేను పడిన టెన్షన్‌కి ఆ రెండక్షరాలు చాలా తక్కువనిపించాయి. ఎప్పుడు దొరకనో చెప్పేముందు ఎప్పుడు దొరుకుతానో చెప్పాలి. ఎదుటివాళ్లకి కావలసింది ఆ భరోసాయే.

ఇంకొకటి, ఆఫీసు యాప్‌ని నా సొంత ఫోన్‌లోంచి తీసేశాను. మా ఆయన విశాఖ స్టేషన్‌లో రైలెక్కేసరికి ఆయన ఉద్యోగం ప్లాట్‌ఫారం మీదే ఆగిపోతుంది. రైలు లేటైతే తిట్టుకుంటారు కానీ, ఆ గంటా గంటన్నరలో మనిషి ఆఫీసు వదిలి ఇంటికొస్తాడు. నాకు ఆ ప్రయాణం లేదు. అందుకే లాప్‌టాప్ మూసి, ఛార్జర్‌తో సహా బీరువాలో పెట్టి తాళం వేస్తాను. తాళంచెవి కింద వంటింట్లో పోపులపెట్టె పక్కన ఉంటుంది. రాత్రి పదిన్నరకి "ఒక్కసారి చూద్దాం" అనిపిస్తే మెట్లు దిగి రావాలి. బద్ధకం కూడా ఒక్కోసారి మేలు చేస్తుంది.

అమెరికా టైమ్‌కి పనిచేస్తే నిద్ర సంగతి ఏమిటి?

నాది పూర్తి రాత్రి షిఫ్టు కాదు కాబట్టి ఆ కష్టం గురించి గొప్పగా చెప్పలేను. న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదంటే వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. ఆ నవంబరు మార్పు నేను పడుకునే వేళని గంటసేపు ఈడ్చుకుపోతుంది. చలికాలమంతా నా షిఫ్టు పదకొండుదాకా నడుస్తుంది.

నేను పెట్టుకున్న నియమాలు తక్కువే. రాత్రి తిండి ఏడులోపు, కాల్స్ మొదలయ్యే ముందే. సాయంత్రం ఐదు దాటాక కాఫీ లేదు. పొద్దున్న పదింటికి చోడి (రాగి) అంబలి, అది తాగితే పన్నెండుదాకా ఆకలి అనదు. షిఫ్టు అయ్యాక అరగంట దీపాలు తగ్గించి కూర్చుంటాను, ఫోన్ ముట్టను. ముట్టను అని రాశాను కానీ, వారంలో రెండు రోజులు ముట్టుకుంటాను.

మెడనొప్పి, కళ్లమంట?

మొదటి ఏడాది భోజనాల బల్ల మీద, ప్లాస్టిక్ కుర్చీలో పనిచేశాను. ఎడమ భుజం నుంచి మోచేతిదాకా లాగేసేది. ఇప్పుడు లాప్‌టాప్ కింద మావయ్యగారి పాత లెక్కల పుస్తకాలు నాలుగు పెట్టి, విడిగా కీబోర్డు, మౌస్ కొనుక్కున్నాను. తెర పైఅంచు కంటికి సమానంగా ఉండాలి, మోచేతులు ఒంటికి దగ్గరగా తొంభై డిగ్రీల్లో ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి. నా కాళ్లు అందవు, అందుకని కింద పూజగది పీట వేసుకున్నాను. అత్తయ్య చూసి ఏమీ అనలేదు, దేవుడికి కొత్త పీట తెప్పించింది.

కళ్లకి ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని, ఇరవై సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. నాకు ఎదురింటి కొబ్బరిచెట్టు ఆ దూరంలో ఉంది. ఏ గెల ఎప్పుడు దింపుతారో వాళ్లకన్నా నాకే బాగా తెలుసు. చేతులు తిమ్మిరెక్కడం, వేళ్లు మొద్దుబారడం ఉంటే మాత్రం ఈ చిట్కాలు వదిలేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గంటల విషయం కొంచెం భయపెట్టేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ అని తేలింది. అది చదివిన వారం నా గంటలు నేనే గోడ క్యాలెండర్ మీద రాసుకున్నాను. అలా సాగదీసిన కాల్స్‌తో కలిపి 53 వచ్చింది. ఆఫీసు లెక్కలో 45. మధ్యలో ఆ ఎనిమిది గంటలు ఎవరి ఖాతాలో ఉన్నాయో జీతాల లెక్కలు చూసే నాకే తెలియలేదు. మేనేజర్‌తో నోరు తెరిచింది ఆ తర్వాతే.

కరెంటు పోతే, నెట్ ఆగితే?

150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న మామూలు ఇన్వర్టర్ చాలు. లాప్‌టాప్, రౌటర్, ఒక ఫ్యాన్ కలిపి నూట యాభై వాట్లు దాటవు. కాగితం మీద పన్నెండు గంటలు వస్తుంది, నిజానికి ఏడెనిమిది అనుకోండి. రౌటర్ ఇన్వర్టర్ లైన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. మా ఇంట్లో ఫ్యాన్ తిరుగుతూ, లైటు వెలుగుతూ, నెట్ ఒక్కటే పోయేది. రెండు నెలలు కేబుల్ అబ్బాయిని తిట్టాక తెలిసింది, ఆ ప్లగ్గుకి బ్యాకప్ లైనే లేదని. ఫైబర్ ఆగితే ఫోన్ హాట్‌స్పాట్, అది వేరే కంపెనీ సిమ్ అయ్యుండాలి.

అక్టోబరు, నవంబరు వేరే కథ. 2014లో హుద్‌హుద్ తుపాను, 2018లో తిత్లీ తుపాను, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తిత్లీ అప్పుడు మా పుట్టింటి వైపు, ఉద్దానంలో, కొబ్బరితోటలు నేలకి ఒరిగిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఏ ఇన్వర్టరూ ఆదుకోదు. తుపాను కబురు రాగానే టీమ్‌కి చెప్పి, ముఖ్యమైన పని ఇంకొకరికి అప్పజెప్పడమే. నెట్ లేదని కంగారుపడుతూ డాబా ఎక్కి సిగ్నల్ వెతకడం నేనూ చేశాను. ఆ గాలిలో అది ఉద్యోగం కోసం చేసే పని కాదు.

కంపెనీలు వెనక్కి పిలుస్తున్నాయి కదా, ఇంట్లో పని సరిగ్గా జరగదనా?

స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్, ఆయన సహచరులు దీన్ని చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో తొమ్మిది నెలలు పరీక్షించారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. అయితే అంతే బాగా పనిచేసిన ఆఫీసువాళ్లతో పోలిస్తే వీళ్లకి ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు. కళ్లముందు కనపడనివాళ్లు గుర్తుకు రారు, అంతే సంగతి. అదే కంపెనీలో 1,612 మందితో చేసి 2024లో ప్రచురించిన మరో పరీక్షలో కొందరిని వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనిచ్చారు. ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, ప్రమోషన్లకి నష్టం రాలేదు.

అందుకే మూడు నెలలకోసారి హైదరాబాద్ రమ్మంటే నేను గొణగను. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తాను, నాలుగు రోజులు క్యాంటీన్ టీ తాగి, నలుగురికి కనిపించి వస్తాను. అమ్మ మందస కోవా పంపితే పట్టుకెళ్తాను. ప్రమోషన్‌కి కోవా కారణమని అనను, కానీ నా పేరు అందరికీ గుర్తుంది.

ఆడవాళ్లకి ఇది సుఖమే కదా, వంటా ఉద్యోగం రెండూ చూసుకోవచ్చు?

ఈ ప్రశ్నకి జవాబిచ్చేముందు నేను మంచినీళ్లు తాగుతాను.

2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88. ఇంటి నుంచి ఉద్యోగం వచ్చాక ఆ 289లో ఒక్క నిమిషం తగ్గదు, పైగా అది ఉద్యోగం మధ్యలోకి దూరుతుంది. కుక్కర్ మూడో కూతకీ నాలుగో కూతకీ మధ్య నేను ఒక పే స్లిప్ తప్పు పంపాను. మనిషికి రావలసినదానికన్నా పదివేలు తక్కువ. అతను మంచివాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం వంట నాది, షిఫ్టు మొదలైతే పొయ్యి నాది కాదు. రాత్రి కూర మా ఆయన వండుతారు. ఉప్పు ఎక్కువేస్తారు. తింటాం.

బాలింతలకి ఒక మాట. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు, 2025 నవంబరు నుంచి అదే నియమం సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. సెలవు అయ్యాక, పని అలాంటిదైతే, ఇద్దరూ ఒప్పుకుని ఇంటి నుంచి చేసుకునే వీలు కూడా అందులోనే రాసి ఉంది. అడగండి. అయితే "ఇంటి నుంచే కదా" అని 26 వారాల్లో ఒక్క రోజైనా తగ్గించుకోవద్దు.

మా అబ్బాయికి కూడా ఇలాంటిది చూడమ్మా.

చూస్తాను, కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. "ఇంట్లో కూర్చుని టైపింగ్, రోజుకి మూడువేలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అన్నవాడు మోసగాడు. టెలిగ్రామ్‌లో టాస్కులిచ్చి మొదట రెండు వందలు వేసేవాడు ఇంకా పెద్ద మోసగాడు. జీతం ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడగడు. ఇప్పటికే పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యాలి.

విసుగు రాదా, రోజంతా ఆ గదిలో?

వస్తుంది. పొద్దున్న పాపని స్కూల్లో దింపి అయ్యకోనేరు గట్టు మీద నడుస్తాను. దానికి మించి చెప్పడానికేం లేదు.

ఊళ్లోనే ఉన్నావు, పండగలన్నీ చూస్తున్నావు, అదృష్టవంతురాలివి కదా?

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతరకి, అదే సిరిమానుకి, తప్పకుండా వచ్చేదాన్ని. దసరా తర్వాత మంగళవారం కాబట్టి కంపెనీ సెలవు ఉండదు. నెల ముందే సెలవు పెట్టి, టికెట్ తీసుకుని, ముందురోజు సోమవారం జరిగే తొలేళ్ల ఉత్సవానికే దిగిపోయేదాన్ని.

ఇక్కడికొచ్చి స్థిరపడ్డాక, జనం మళ్లీ మునుపటిలా వచ్చిన మొదటి ఏడాది, సెలవు పెట్టలేదు. ఊళ్లోనే ఉన్నాను కదా, అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్లు సెంటర్ మా ఇంటికి నడిచెళ్లే దూరం, ఒక అరగంట తప్పించుకుని చూసొస్తాను అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఇంట్లోవాళ్లంతా ముందే వెళ్లిపోయారు. నేను తువ్వాలు వేసి కాల్‌లో కూర్చున్నాను, చూడ్డానికి ఇంట్లో ఎవరూ లేకపోయినా. మూడున్నరకి అయిపోవలసిన కాల్ నాలుగున్నర దాటింది. కిటికీలోంచి డప్పుల మోత, జనం అరుపులు లోపలికి వస్తుంటే మాటిమాటికీ మ్యూట్ నొక్కుతున్నాను. అవతలివాళ్లు "ఏదో గోలగా ఉంది, కిటికీ వేసుకుంటారా" అన్నారు. వేసుకున్నాను.

చీకటిపడ్డాక పాప వాళ్ల తాతయ్య భుజం మీద వచ్చింది. సిరిమాను మీద కూర్చున్న పూజారి మీదకి జనం విసిరిన అరటిపండ్లలో ఒకటి దానికి దొరికిందట. చేతిలో నలిగి నల్లబడిపోయింది. నా టేబుల్ మీద, కీబోర్డు పక్కన పెట్టి "నీకే" అంది.

ఆ రోజు నన్ను ఎవరూ ఆపలేదు. కంపెనీ సెలవు ఇవ్వనని అనలేదు, ఇంట్లోవాళ్లు పని చెప్పలేదు. ఎలాగూ ఇక్కడే ఉన్నాను కదా అని నాకు నేనే అనుకున్నాను. ఇప్పుడు కొత్త క్యాలెండర్ రాగానే మొదట దసరా ఎప్పుడో చూసి, ఆ తర్వాత మంగళవారానికి సెలవు పెట్టేస్తాను. కారణం అని ఉన్న చోట "ఊరెళ్తున్నాను" అని రాస్తాను.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి, ఎప్పుడు రమ్మంటావు?

పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండులోపు ఎప్పుడైనా. మేడ మీదికి వచ్చేయండి. తువ్వాలు ఉంటే కింద అత్తయ్య టీ ఇస్తుంది.